చేత్తో చేసిందంటే చాలా?

మా హోసూరులో మా మామ పగలు తాతతో కలిసి వడ్రంగం పని చేస్తాడు. సాయంత్రం పెళ్ళిళ్ళ ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తాడు. పోయిన సంవత్సరం పాత గిటార్ అమ్మి, పైన అప్పు చేసి కొత్తది కొన్నాడు. "ఇది మిషన్ సరుకు కాదు, మొత్తం చేత్తో చేసింది" అని అంగడాయన చెప్పినాడంట. ఆ ఒక్క మాటకే రెట్టింపు ధర.

ఇంటికి తెచ్చి మీటితే, ఐదో మెట్టు దాటాక ప్రతి స్వరమూ జర్రుమంటోంది. తాత తన ఇనుప స్కేలు తెచ్చి మెట్ల మీద ఆనించి, ఒక కన్ను మూసి చూశాడు. "మూడు మెట్లు ఎత్తుగా ఉండాయి రా. చేత్తో చేసినారు సరే, చేసినాక ఎవరూ చూడలేదు" అన్నాడు.

అప్పటినుంచి నాకొక అనుమానం పట్టుకుంది. 'చేత్తో చేసింది' అనేది పొగడ్తేనా, లేక ధర పెంచే చీటీయా? దీన్ని తేల్చుకుందామని పేరున్న రెండు బేస్ గిటార్ల గురించి చదివాను, వాటి శబ్దం విన్నాను. వాటిని నేను ముట్టుకోలేదు. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను.

బేస్ గిటార్‌కు సాధారణంగా నాలుగు తీగలే ఉంటాయి. మామూలు గిటార్‌లోని కింది నాలుగు తీగల కన్నా ఒక స్థాయి తగ్గించి శ్రుతి చేస్తారు. ఇళయరాజా పాట ఏదైనా ఇయర్‌ఫోన్ పెట్టుకుని వినండి. గొంతు కింద నడుస్తుండే ఆ లోతైన శబ్దమే బేస్.

మొదటిది హోఫ్నర్ 500/1. చూడ్డానికి పెద్ద వయొలిన్ లాగా ఉంటుంది. కార్ల్ హోఫ్నర్ 1887లో ష్యోన్‌బాఖ్ అనే ఊళ్ళో వయొలిన్ల పని మొదలుపెట్టాడు. అది ఇప్పటి చెక్ దేశంలో ఉంది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత అక్కడి జర్మన్ మాట్లాడేవాళ్ళను వెళ్ళగొట్టారు. ఆ వాయిద్యాల పనివాళ్ళలో చాలామంది జర్మనీలోని బూబెన్‌రాయిట్ అనే చిన్న పల్లెలో స్థిరపడ్డారు. ఊరు పోయినా చేతిలో పని పోలేదు. కార్ల్ కొడుకు వాల్టర్ 1950ల నడుమ ఆ వయొలిన్ రూపాన్నే తీసుకుని, లోపల బోలుగా ఉండే ఈ బేస్‌ను తయారు చేశాడు. 1961లో పాల్ మెకార్ట్‌నీ హాంబర్గ్‌లో ఒకటి కొన్నాడు. ఆయనది ఎడమచేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉన్న గిటార్ కాబట్టి తిప్పి పట్టుకున్నా వింతగా కనిపించలేదు.

రెండోది ఫెండర్ ప్రిసిషన్ బేస్. 1951లో అమెరికాలోని కాలిఫోర్నియాలో పుట్టింది. దాన్ని తయారు చేసిన లియో ఫెండర్ రేడియోలు బాగుచేసే మనిషి. గిటార్ వాయించడం ఆయనకు రాదు! గట్టి చెక్కను మిషన్‌తో కోసి, మెడను నాలుగు మరలతో బిగించారు. మెడ చెడిపోతే మరలు విప్పి ఇంకొకటి వేసుకోవచ్చు.

అంగడాయన లెక్క ప్రకారం చూస్తే హోఫ్నర్ గొప్పది, ఫెండర్ ఫ్యాక్టరీ సరుకు. నేను దీన్ని ఒప్పుకోను.

ఎందుకంటే మెట్ల స్థానాలు లెక్కతో తేలేవి. ఫెండర్ బేస్‌లో తీగ నిడివి 34 అంగుళాలు. దాన్ని 17.817తో భాగిస్తే మొదటి మెట్టు ఎక్కడ రావాలో తెలుస్తుంది, సుమారు 1.91 అంగుళాలు. మిగిలిన నిడివిని మళ్ళీ అదే అంకెతో భాగిస్తూ పోవాలి. పన్నెండో మెట్టు సరిగ్గా సగంలో, 17 అంగుళాల దగ్గర వస్తుంది. ఈ గాళ్ళు మిషన్ కోస్తే తప్పేముంది? వీణ సంగతి వేరు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనస మాను తొలిచి వీణలు చేస్తారు. వీణకు 24 మెట్లనూ మైనంలో నిలబెట్టి, చెవితో వింటూ సర్దుతారు. అక్కడ చెయ్యి, చెవి లేకపోతే వీణే లేదు. కాబట్టి చెయ్యి పెట్టారా లేదా అని కాదు, ఎక్కడ పెట్టారు అని అడగాలి.

ఇంకో సంగతి నన్ను ఆశ్చర్యపరిచింది. ఆ ఫెండర్ ఫ్యాక్టరీలోనూ చేతులున్నాయి. 1950లలో మెడలకు ఆకారం ఇచ్చిన టాడియో గోమెజ్, మెడ చివర తన పేరులోని పొడి అక్షరాలు రాసేవాడు. మెడ బిగించాక అవి ఎవరికీ కనిపించవు. 1956లో చేరిన అబిగైల్ ఇబారా అనే ఆమె, పికప్పులకు సన్నటి రాగి తీగ వేల చుట్లు చుట్టేది. ఆమె చుట్టిన పికప్పుల కోసం ఇప్పటికీ వెతుకుతారు. ఫ్యాక్టరీ సరుకు మీద మనిషి గుర్తు ఉంది. 'చేత్తో చేసిన' మా మామ గిటార్‌ను తాత మరలు విప్పి మొత్తం వెతికాడు, ఎక్కడా ఒక పేరు లేదు.

అట్లాగని హోఫ్నర్‌ను తక్కువ చేయను. మొదట్లో మెకార్ట్‌నీ వల్లే దానికి పేరొచ్చిందనుకున్నాను. విన్నాక మనసు మార్చుకున్నాను. దాని శబ్దం గుండ్రంగా, మెత్తగా ఉండి తొందరగా ఆగిపోతుంది. ఆ బోలు డొల్ల వల్ల వచ్చే గుణం అది. గట్టి చెక్క అలా పలకదు. అయితే శబ్దం బాగా పెంచితే అదే డొల్ల ఊళ పెడుతుంది. మా పెళ్ళిళ్ళ స్పీకర్ల ముందు అది నిలవదనుకుంటాను.

ఇక మామ గిటార్. అంగడిలో వాపసు తీసుకోలేదు. తాత నాలుగు ఆదివారాలు కూర్చుని, చదునైన కమ్మీకి ఉప్పు కాగితం అంటించి మెట్లను సమం చేశాడు. గిటార్ పని ఆయనకు కొత్త. అందుకే ప్రతి రెండు రుద్దులకూ ఒకసారి స్కేలు ఆనించి చూసేవాడు. ఇప్పుడు పైమెట్లలో ఒకచోట తప్ప అంతా శుభ్రంగా పలుకుతోంది.

అన్నిటికన్నా నన్ను బాధపెట్టింది ఇది. ఇంత మోసపోయిన మామే మొన్న మా కొట్టు ముందు 'హ్యాండ్‌మేడ్ తలుపులు' అని బోర్డు పెడదామన్నాడు. మా తలుపుల పలకలు కోత మిల్లులో మిషన్ మీద కోసినవే. చేత్తో చేసేది సందులు కుదర్చడం, చిత్రిక పట్టడం, నునుపు చేయడం. "అందరూ అట్లనే రాస్తారు కదరా" అన్నాడు మామ. "అంగడాయన కూడా అదే అన్నాడు కదా మామా" అన్నాను. మామ రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

బోర్డు బదులు తలుపు మీద ఎక్కడైనా నీ పేరు రాయి అని తాతను అడిగాను. తాత నవ్వాడు.

"ఎందుకురా, తలుపు వంగిపోతే ఎవర్ని తిట్టాలో తెలియడానికా?"

"అవును తాతా, అందుకే."

ఆ తర్వాత బిగించిన తలుపుకు పై అంచు మీద, ఎవరికీ కనపడని చోట, పెన్సిల్‌తో తెలుగులో పేరూ తేదీ రాశాడు. బోర్డు సంగతి ఇంకా తేలలేదు.

— పదవ తరగతి విద్యార్థి