తాకితేనే తెలిసే విద్య

చైనా యుద్ధవిద్య తైచీ నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లకు సంప్రదాయం తెలిసిన గురువు మొదట సూత్రాలేవీ చెప్పడు. నిలబడమంటాడు. పాదాలు భుజాల వెడల్పున ఉంచి, మోకాళ్లు కాస్త సడలించి, పెద్ద చెట్టును వాటేసుకున్నట్టు చేతులు ఛాతీ ఎత్తున గుండ్రంగా పట్టాలి. అంతే, కదలకూడదు. కాసేపటికే భుజాలు గుంజుతాయి, తొడలు వణుకుతాయి. అప్పుడు గురువు వచ్చి నడుం మీద చెయ్యి వేసి కొద్దిగా కిందికి దించుతాడు. పైపైన వేలాడుతున్న బరువు పాదాల్లోకి దిగుతుంది. ‘నడుం వదులు చెయ్యి’ అని ఎన్నిసార్లు విన్నా అర్థంకానిది ఆ ఒక్క స్పర్శతో తెలుస్తుంది.

ఈ పద్ధతికి వెనక పాత ఆలోచన ఒకటుంది. క్రీ.పూ. 4వ శతాబ్దపు తావో తాత్వికుడు జువాంగ్‌జి పేరుమీద ఉన్న గ్రంథంలో బండిచక్రాలు చేసే వడ్రంగి కథ వస్తుంది. పుస్తకం చదువుకుంటున్న ప్రభువుతో, అది చనిపోయినవాళ్లు వదిలేసిన పిప్పి అంటాడతను. ప్రభువు మండిపడి సంజాయిషీ అడుగుతాడు. ఉలి దెబ్బ నెమ్మదిగా పడితే పట్టు జారుతుంది, తొందరగా పడితే ఇరుక్కుంటుంది, ఎంత వేగం కావాలో చేతికే తెలుసు, నోటితో చెప్పలేను అంటాడు వడ్రంగి. కొడుక్కి కూడా నేర్పలేకపోయాడట. అందుకే డెబ్బై ఏళ్లొచ్చినా తానే చక్రాలు చెక్కుతున్నాడు.

దీన్ని పుస్తకాల మీద విసురుగా చదివేవాళ్లే ఎక్కువ. నాకు మాత్రం ఆ తండ్రి బాధే ముందు కనిపిస్తుంది. చెప్పడానికి వీల్లేనిదాన్ని తర్వాతి తరానికి ఎలా అందించాలి? ఆ ప్రశ్నకు తైచీ దగ్గర ఒక జవాబుంది.

తైచీని ఝాంగ్ సాన్‌ఫెంగ్ అనే తావో సాధువు కనిపెట్టాడని ఐతిహ్యం. చరిత్రకు అందే జాడలు మాత్రం హెనాన్ రాష్ట్రంలోని చెన్‌జియాగౌ గ్రామానికి, 17వ శతాబ్దపు చెన్ వాంగ్‌తింగ్ దగ్గరికి తీసుకెళ్తాయి. ఆ వంశంలోనే పుట్టిన చెన్ షిన్ పదేళ్లకు పైగా శ్రమించి తమ విద్య మీద బొమ్మలతో సహా పెద్ద గ్రంథం రాశాడు. అది ఆయన పోయాక 1933లో అచ్చయింది. అప్పటికి ఈ విద్య రెండు శతాబ్దాలకు పైగా ప్రధానంగా ఒకరి శరీరం నుంచి ఇంకొకరి శరీరానికే అందుతూ వచ్చింది.

అందించే సాధనాల్లో ముఖ్యమైనది తుయ్‌షౌ. ఇద్దరు ఎదురెదురుగా, చెరొక కాలు ముందుకు పెట్టి, మణికట్లు ఆనించి నిలబడతారు. ఒకరు తోస్తారు. రెండోవాళ్లు అడ్డుకోకూడదు, చెయ్యి తీసేయకూడదు. తగులుతూనే ఉండి, నడుం తిప్పి ఆ తోపును పక్కకు పోనివ్వాలి. ఆపైన తోసే వంతు వాళ్లది.

చూడ్డానికి సులువే. కొత్తవాళ్ల చెయ్యి మాత్రం వెంటనే కర్రలా బిగుస్తుంది. బిగిసిన చెయ్యి ఎదుటివాళ్లకు పట్టు ఇస్తుంది, చిన్న తోపుకే కాళ్లు లేచిపోతాయి. బిగించవద్దన్నారు కదా అని పూర్తిగా వదిలేస్తే చెయ్యి వచ్చి తన పొట్టకే అతుక్కుంటుంది, ఇక తిరగడానికి చోటుండదు. ఈ రెంటి మధ్య ఎంత మెత్తదనం కావాలన్నది క్షణక్షణానికీ మారిపోతుంది, ఎందుకంటే ఎదుటి చేతిలో ఒత్తిడి మారుతోంది. వడ్రంగి చెప్పలేకపోయిన కొలత ఇదే. ఇక్కడ తప్పు జరిగిన మరుక్షణమే ఎదుటివాళ్ల అరచెయ్యి చెప్పేస్తుంది. 1960ల్లో న్యూయార్క్‌లో తైచీ నేర్పిన జెంగ్ మాన్‌చింగ్ తన శిష్యులకు ముందు ఓడిపోవడం అలవాటు చేసుకోమనేవాడు. గెలవాలనే తొందర ఉన్నంతకాలం భుజం బిగుసుకోవడం మానదు.

సిద్ధాంతం అక్కర్లేదని కాదు. తైచీకి పాత సూత్రగ్రంథాలున్నాయి, చాలా చిన్నవి. సాధనకు ముందు చదివితే పొడుపుకథల్లా ఉంటాయి. కొన్నాళ్లు తుయ్‌షౌ చేశాక చదివితే, చేతికి అప్పటికే తెలిసినదానికి పేరు దొరుకుతుంది. వరస అలా ఉండాలి.

ఇలా ఒకరి నుంచి ఒకరికి అందుతూ వచ్చిన విద్యను ఎక్కువమందికి చేర్చడానికి 1956లో చైనా ప్రభుత్వ క్రీడాసంఘం తైచీలోని యాంగ్ అనే శైలిని కుదించి 24 భంగిమల వరస తయారుచేయించింది. అయిదారు నిమిషాల్లో అయిపోతుంది. పార్కుల్లో లక్షలమందికి తైచీ చేరడానికి అది దారి వేసింది. ఆ మేలు చిన్నది కాదు. పార్కిన్సన్స్ వ్యాధి ఉన్న 195 మందిపై అమెరికాలో చేసి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, 24 వారాలు తైచీ చేసినవాళ్లకు శరీర నిలకడ బాగా మెరుగైంది. బరువులతో వ్యాయామం చేసినవాళ్లకన్నా, సాగదీసే వ్యాయామాలు చేసినవాళ్లకన్నా ఎక్కువగా మెరుగైంది. మెల్లగా బరువు ఒక కాలి నుంచి మరో కాలికి మార్చడం తైచీలో పదేపదే చేసే పని.

ఇప్పుడు ఆ 24 భంగిమలు ఫోన్‌లో చూసి నేర్చుకోవచ్చు. చేతులు ఎటు తిరగాలో, అడుగు ఎక్కడ పడాలో వీడియో చక్కగా చూపిస్తుంది. బరువు మడమ మీద ఉందో వేళ్ల మీద ఉందో, భుజంలో బిగువు ఎంత మిగిలిందో కెమెరాకు అందదు. వరస వచ్చేసింది అనుకున్నవాళ్లు వారానికి ఒక్కసారైనా మణికట్టు ఆనించి నిలబడే మనిషిని వెతుక్కోవాలి. తమకంటే కాస్త ముందు మొదలుపెట్టినవాళ్లయినా చాలు.