‘రవంత అడ్జస్ట్ చేసుకోండి’ అంటే, ఏది, ఎంత?

హోసూరు నించి బెంగళూరు పొయ్యే బస్సులో మూడు భాషలోళ్లూ ఒకే మాటతో సీటడుగుతారు. కన్నడమోళ్లు ‘స్వల్ప అడ్జస్ట్ మాడి’ అంటారు, తమిళమోళ్లు ‘కొంజం అడ్జస్ట్ పణ్ణుంగ’ అంటారు, మనం ‘రవంత అడ్జస్ట్ చేసుకోండన్నా’ అంటాం. ఇద్దరి సీట్లో ముగ్గురు కూకుంటారు, గలాటా ఉండదు. ఆ మేరకు ఇది మంచి మాటే.

దీన్ని ‘సర్దుబాటు’ అని తెలుగు చేసి వదిలేస్తుంటారు. లెక్కలకూ పద్దులకూ అది సరిపోతుంది గానీ, మన నోట్లో తిరిగే మాటకు చాలదు.

ఇంగ్లీషులో ఈ క్రియకు ఎక్కువగా ఒక వస్తువు ఉంటుంది: అద్దమో, బెల్టో, గడియారమో. ‘అద్దం అడ్జస్ట్ చేయి’ అన్నప్పుడు మనమూ అట్లే వాడతాం. ‘చేసుకోండి’ అనగానే వస్తువు మాయం. కదలాల్సింది ఎదుటి మనిషి. ఇంకో విడ్డూరం చూడండి. తెలుగులో ‘కొను’ చేరితే మామూలుగా పని చేసినోడికే ఫలం: వండుకో, కట్టుకో, దాచుకో. ఇక్కడ మాత్రం జరిగేది ఒకడు, కూకునేది ఇంకొకడు. మూడో రూపం ‘అయిపోవడం’. ‘కోడలు బాగా అడ్జస్ట్ అయిపొయ్యింది’ అంటాం. ఆ పిల్ల ఏం వదులుకుందో, ఎవరి కోసమో ఆ వాక్యంలో యాడా ఉండదు.

నా పేచీ ఇక్కడే. 2006లో తమిళనాడు చట్టం ఒకటో తరగతితో మొదలుపెట్టి, ఏటా ఒక్కో తరగతి చొప్పున పదో తరగతి దాకా తమిళాన్ని తప్పనిసరి చేసింది. మా హోసూరు పక్క తెలుగు బళ్ల గురించి మాటొస్తే నేను ఎక్కువసార్లు విన్న సలహా కూడా ఇదే: ‘రవంత అడ్జస్ట్ చేసుకోండి.’ తమిళం నేర్వడం మంచిదే, మా ఊళ్లో చానామంది మాట్లాడతారు కూడా. ‘ఇంకో భాష నేర్చుకోండి’ అంటే సరే అనచ్చు. ‘మీ భాష పక్కన పెట్టండి’ అంటే ఎదురు చెప్పచ్చు. ‘అడ్జస్ట్ చేసుకోండి’ అంటే ఏమని ఎదురు చెప్తాం? కాదంటే మనమే మొండోళ్లం అయిపోతాం.

మనకు ‘జరుగు’ అనే పాత మాట ఉండాది. ‘రవంత జరగన్నా’ అంటే ఏం చేయాలో, ఎంత చేయాలో రెండూ తెలుస్తాయి. అట్లని ‘అడ్జస్ట్’ను తరిమెయ్యమని అనను, అది మన యాసలో కలిసిపొయ్యింది. ఎవరన్నా అడ్జస్ట్ చేసుకోమంటే మాత్రం ‘ఏది, ఎంత?’ అని అడగండి. బళ్లారోళ్లు, బరంపురమోళ్లు, సోలాపూరోళ్లు మీ పక్క ఈ మాట ఎట్ల వాడతారో చెప్పండి.