చెవికి స్క్రూడ్రైవరు

ఎర్రగడ్డ ఆదివారం సంతలో కొన్న పాత సీడీ ప్లేయరు ఈ వారమంతా నన్ను వేపుకు తింది. పాట బాగానే వస్తోంది. దాంతోపాటు పెట్టెలోంచి గర్ర్‌మని చప్పుడూ వస్తోంది. "పాతది కదా సార్, మామూలే" అన్నాడు అమ్మినాయన. ఈ మాటంటే నాకు మహా మంట. చప్పుడు చేసే వస్తువును విప్పి చూడాల్సిందేనన్నది నా పాత పాట. కుట్టుమిషను నూనె డబ్బాతో వచ్చేవాణ్ణి గడప దాటనివ్వకూడదన్నది దాని రెండో చరణం. ఆ నూనె దుమ్మును పోగేస్తుంది, లెన్స్ దాకా పాకితే ఇక డిస్కు చదవడమే కష్టం.

మా బాబాయి విజయవాడ ఆటోనగర్లో లారీ మెకానిక్కు. ఇంజను నడుస్తుండగా పొడుగాటి స్క్రూడ్రైవరు కొస బ్లాకుకు ఆనించి, పిడిని చెవికి నొక్కి, కళ్లు మూసుకుని వినేవాడు. ఇంకోచోట ఆనించి మళ్లీ వినేవాడు. డ్రైవరు బీడీ ఆర్పేసి, డాక్టరు ముందు నిలబడ్డట్టు ఆయన మొహంకేసే చూసేవాడు. ఒక్కోసారి అంతా విని "ఏం లేదు, తోలుకుపో" అనేవాడు బాబాయి. డ్రైవరుకు అది నచ్చేది కాదు, ఏదో ఒకటి విప్పితేగానీ తృప్తి ఉండదు. "చప్పుడుందా అని కాదురా, మారిందా అని చూడు" అనేవాడు నాతో. పని ఎగ్గొట్టే మాటలా తోచేది నాకు.

ప్లేయరునూ ముందు మూత తీయకుండానే విన్నాను. పాట మార్చినప్పుడే కిర్రుమంటే అది లేజర్‌ను జరిపే పళ్లచక్రాల గొడవ. గీతలు పడ్డ డిస్కుకే చిర్రుమంటే లెన్స్ ఫోకస్ కోసం కొట్టుకుంటోందని. నాది రెండూ కాదు. మొదటి పాటకు హోరు, చివరి పాటకు దాదాపు సద్దు లేదు. సీడీని లోపలి నుంచి బయటికి చదువుతారు. మొదట్లో నిమిషానికి 500 చుట్లదాకా తిరిగేది, బయటి అంచుకు చేరేసరికి 200కు తగ్గుతుంది. అంటే ఇది తిరుగుడు చప్పుడే. కాగితం లేబులు అంటించిన డిస్కు పెడితే బరువు ఓ పక్కకు ఒరిగి మరీ రెచ్చిపోతోంది.

మూత విప్పి, డిస్కును పైనుంచి అదిమే అయస్కాంతపు బిళ్లను తుడిచాక సగం తగ్గింది. మిగతాది మోటారుది. కొత్త మోటారు వేయొచ్చు. కానీ డిస్కు కూర్చునే పళ్లెం ఎత్తు వెంట్రుకవాసి తేడా వచ్చినా లెన్స్‌కు డిస్కు సరిగ్గా అందదు.

పైగా, ఎల్పీలోనైతే మోటారు అదురు ముల్లు దాకా పాకి స్పీకర్లో వినబడుతుంది. సీడీలో చదివిన అంకెలు ముందు మెమరీలో చేరి, క్వార్ట్జ్ గడియారం లెక్కన బయటికొస్తాయి. గరగర గదిలో ఉంటుందే తప్ప సంగీతంలోకి రాదు.

ఒక కచేరీ సీడీ పెట్టాను. వర్ణం దగ్గర హోరు ఉంది గానీ మృదంగం కింద అణిగిపోయింది. గొంతు, తంబురా, వయొలిన్ తప్ప మరేమీ లేని ప్రధాన రాగాలాపన వచ్చేసరికి డిస్కే నెమ్మదించింది. కచేరీ క్రమం ఈ మోటారుకు కొలిచినట్టు సరిపోయింది. అందుకని దాని జోలికి పోదలచుకోలేదు. తంటా అంతా ఆలాపనతోనే మొదలయ్యే ఒక వేణువు సీడీతోనే. దాన్ని పక్క గదిలో కూర్చుని వింటున్నాను.