ఇప్పసారా కథలో చన్నీళ్ళు ఏవి?

ఆ మధ్య హిమాయత్‌నగర్‌లో ఒక కథల సభకు వెళ్ళాం. ఒక రచయిత ఆదిలాబాద్ గూడెం మీద రాసిన కథ చదివారు. మన మీద ప్రేమ ఉన్న మనిషే. కథలో ముసలమ్మ అడవి నుంచి తెచ్చిన ఇప్పపూలను అప్పటికప్పుడు నీళ్ళలో వేసి కాచింది. సారా దిగింది. కొడుకు తాగి పడిపోయాడు. అందరూ చప్పట్లు కొట్టారు. వెనక వరసలో మేము ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

పచ్చిపూలు కాస్తే పూలనీళ్ళే వస్తాయి. మత్తు పొయ్యి మీద పుట్టదు. పూలు నానబెట్టి కొన్ని రోజులు పులియనిస్తే వాటి తీపే మత్తుగా మారుతుంది. దాన్ని నీటి నుంచి వేరు చేయడమే బట్టీ పని. నీరు 100 డిగ్రీలకు మరిగితే, మత్తు ద్రవం సుమారు 78 డిగ్రీలకే మరుగుతుంది. అందుకే మొదట లేచే ఆవిరిలో దాని పాలు ఎక్కువ, పోనుపోను నీటి పాలు పెరుగుతుంది. కుండ మీద కుండ బోర్లించి, సందులు మట్టితో మెత్తి, వెదురు బొంగు దూర్చి, దాని రెండో కొసను చన్నీళ్ళలో కూర్చోబెట్టిన కుండలోకి దించుతారు. ఇంకో తీరులో చన్నీళ్ళ గిన్నె పైన ఉంటుంది, చుక్కలు లోపలి చిన్న పాత్రలో పడతాయి. ఏ తీరైనా చన్నీళ్ళు లేకపోతే ఆవిరి ఆవిరిగానే పోతుంది. నీళ్ళు వేడెక్కాయా అని చేయి పెట్టి చూసి మార్చడం, మంట తగ్గించడం ముసలమ్మ పనితనం. కథలో ఆమెకు ఏడవడం తప్ప పనే లేదు.

తక్షశిలలో, పెషావర్ వైపు షైఖాన్ ఢేరీలో దొరికిన పాత మట్టి పాత్రలు ఇలాంటి బట్టీవేనని చెప్పి, ఆల్చిన్ అనే పురావస్తు పండితుడు 1979లో ఈ విద్యకు పుట్టిల్లు భారతదేశమేనా అని అడిగాడు. అందరూ ఒప్పుకోలేదు, అది వేరే సంగతి. అక్కడి పెంకులకు అంత చర్చ జరిగింది. మన పెరట్లోని కుండ మాత్రం కథల్లో నేరానికి సాక్ష్యంగానే కనిపిస్తుంది.

తాగుడు మన ఇళ్ళు కూల్చలేదని మేము అనం. కానీ 1992లో నెల్లూరు జిల్లా ఆడవాళ్ళు తిరగబడింది సర్కారు వేలం పాడించి అమ్మించిన సారా మీద. పెద్దలకూ దేవుళ్ళకూ ధారపోసే ఇప్పసారానూ ఆ ప్యాకెట్లనూ ఒకే గాటన కట్టడం రాతలో బద్ధకం. మన పిల్లలు రాసే కథల్లోనూ ఈ బద్ధకం కనిపిస్తోంది, అదే మా దిగులు.

సభ అయ్యాక ఆ రచయితను అడిగాం, బట్టీలో చన్నీళ్ళు ఎక్కడ పెట్టారు సార్ అని. కథకు అదంతా అవసరమా అన్నారు. మీ అమ్మ అన్నం వండే కథ రాస్తే గంజి వార్చడం మరిచిపోతారా అన్నాం. కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఇప్పపూలు ఏ నెలలో రాలతాయని అడిగారు. ఎండాకాలం మొదట్లో రమ్మన్నాం.