పత్తి పిడి

మిర్చి సీజన్‌లో గుంటూరు యార్డుకు వెళ్లినప్పుడల్లా నా చూపు జేబుకత్తుల మీదికే పోతుంది. మిర్చి టిక్కీ (బస్తా) మూతి విప్పడానికో, పురికొస తెంపడానికో హమాలీలు, రైతులు మడతకత్తి తీస్తారు. సానపట్టీ సానపట్టీ బ్లేడు సన్నబడినా పదునుకు లోటుండదు. పిడి సంగతే వేరు. ప్లాస్టిక్ చెక్కలు పగిలిపోయి, సైకిల్ ట్యూబు ముక్కో కరెంటు టేపో చుట్టి ఉంటుంది. రోజంతా చెయ్యి పట్టుకునేది పిడినే. తయారుచేసేవాళ్లు ఖర్చు తగ్గించుకునేదీ అక్కడే.

మన పల్లెల్లో పిడిని ఇంత తేలిగ్గా ఎవరూ చూడలేదు. కొలిమి నుంచి కొడవలి వచ్చిందంటే పని సగమే అయినట్టు. వడ్రంగి చేత నల్లతుమ్మ ముక్క చెక్కించి, కొడవలి తోకను ఎర్రగా కాల్చి అందులోకి దిగ్గొట్టి, మూతికి ఇనుప పొన్ను తొడిగితేనే అది పనిముట్టు. మా నాయనమ్మ తన గుప్పిటకు సరిపడా సన్నటి పిడి వేయించుకుంది. ఆ కొడవలి తాతయ్య చేతిలో ఇమిడేది కాదు. కొన్న మడతకత్తికి పిడి మార్చుకోవడమూ ఆ వరసలోదే.

పిడి దేనితో అంటే చాలామంది ముందుగా ఎర్రచందనం, దుప్పికొమ్ము అంటారు. రెండూ వద్దు. అనుమతి లేని ఎర్రచందనం కేసుల పాలు చేస్తుంది. దుప్పికొమ్ము 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కిందికి వస్తుంది. గేదెకొమ్ము అందంగా ఉంటుంది గానీ రెంటచింతల ఎండలకు ఎండి, వానాకాలం తేమకు ఉబ్బి, పొరలు లేస్తుంది. నల్లతుమ్మ, చింత చేవ గట్టివే. కాకపోతే కర్రకు నూనె పట్టించాలి. మిరపలో ఘాటుకు కారణమైన కాప్సైసిన్ నీళ్లలో సరిగా కరగదు, నూనెలో ఇట్టే కరుగుతుంది. నూనె తాగిన పిడి కారాన్నీ తాగుతుంది.

నేనైతే పత్తినే ఎంచుకుంటాను. నూలుగుడ్డను పొరలు పొరలుగా రెజిన్‌లో తడిపి, ఒత్తి గట్టిపరిస్తే వచ్చే పలక పేరు మైకార్టా. 1907లో లియో బేక్‌లాండ్ బేకలైట్ రెజిన్‌కు పేటెంటు కోరాక, 1910 ప్రాంతంలో అమెరికాలో వెస్టింగ్‌హౌస్ కంపెనీ కరెంటు పరికరాల కోసం దీన్ని తెచ్చింది. మనకూ ఇది కొత్తేమీ కాదు. పాత ఇళ్లలో స్విచ్‌బోర్డుల మీద బిగించిన హైలం షీటు దీనికి దాయాదే, అందులో గుడ్డకు బదులు కాగితం. ఆ పేరు హైదరాబాద్ సనత్‌నగర్‌లోని బేకలైట్ హైలం కంపెనీది. గుడ్డతో చేసిన రకాన్ని మిషన్లలో పళ్లచక్రాలకు, బుష్‌లకు వాడతారు. విదేశీ కత్తుల మీద మైకార్టా పిడి చూసి మురిసిపోయే కుర్రాళ్లకు, తాడికొండ, పర్చూరు నల్లరేగళ్లలో పండే పంటతోనే అది తయారవుతుందని చెప్పడం నాకెంతో ఇష్టం.

ఇంట్లోనే చేసుకోవచ్చు. పాత గళ్ల లుంగీని గంజి పోయేదాకా ఉతికి, ఎండలో పూర్తిగా ఆరబెట్టి, అరచెయ్యంత ముక్కలు కత్తిరించాలి. చెమ్మ మిగిలితే రెజిన్ పట్టదు. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ కలిపి, ఒక్కో ముక్కకూ రెండువైపులా పట్టిస్తూ పేర్చుకుంటూ పోవాలి. 4 మిల్లీమీటర్ల పలకకు దాదాపు ఇరవై పొరలు పడతాయి. పాలిథిన్ పరిచిన రెండు చెక్కల మధ్య పెట్టి సీ క్లాంపులతో బిగించి, ఒక రోజంతా కదపకూడదు. మరీ బిగిస్తే రెజిన్ కారిపోయి పొరలు విడిపోతాయి. తర్వాత కత్తి పాత చెక్కలు విప్పి, వాటినే కొలతగా పెట్టి గీసి, రంధ్రాలు వేసి, ఆకురాయితో ఆకారం తేవాలి. స్క్రూలున్న కత్తైతే సులువు. రివెట్లు కొట్టినదైతే తలలు అరగదీసి, కొత్త ఇత్తడి కడ్డీ ముక్కలు వేయాలి. బ్లేడు తిరిగే ఇరుసు రివెట్టును మాత్రం ముట్టుకోవద్దు. అది వదులైతే బ్లేడు ఊగుతుంది. గ్లౌజులు, మాస్కు తప్పనిసరి. ఆ ధూళి ఊపిరితిత్తులకు చెరుపు, అందుకే నేను నీళ్లు చల్లి తడిమీదే రుద్దుతాను.

అరిగేకొద్దీ లుంగీ గళ్లు పటంలో కొండల ఎత్తు చూపే గీతల్లా బయటపడతాయి. ఆ గీతలు ఎటు తిరుగుతాయో ముందే చెప్పలేం. చెమట పట్టినా ఈ పిడి జారదు, తడిస్తే పట్టు ఇంకాస్త పెరుగుతుంది కూడా. కారం అంటితే సబ్బుతో కడిగేయొచ్చు.

పర్చూరు వైపు పత్తి వేసే మా బావకు అతని లుంగీతోనే ఒకటి చేసిచ్చాను. డ్రిప్ పైపులు కోయడానికి అదే వాడుతున్నాడు.

"కాస్త మెరుపు తెప్పించకపోయావా బావా?" అన్నాడు మొదటిరోజు.

"మెరిస్తే జారుద్ది బావా," అన్నాను. 400 నంబరు గరుకు కాగితం దగ్గర ఆపేస్తే నూలుపోగుల గరుకు వేళ్లకు తగులుతూ ఉంటుంది. అంతకుమించి నున్నగా రుద్దితే ఆ పోగుల పట్టంతా పోతుంది.