చెవితో నేర్చిన తెలుగు: సినిమా గాత్రంలో తరాల మార్పు, సరిహద్దు శ్రోత

1

సినిమాపాట మీద తెలుగులో వ్యాసాలు తక్కువేమీ రాలేదు. వాటిలో ఎక్కువ భాగం సాహిత్యాన్ని గురించి, మిగిలినవి బాణీని గురించి. గాత్రం దగ్గరికి వచ్చేసరికి మాత్రం విమర్శ ఆగిపోయి ప్రశంస మొదలవుతుంది. ‘గంధర్వగానం’, ‘తేనెలూరే గొంతు’, ‘కంచుకంఠం’ అనేసి ఊరుకుంటాం. ఈ మాటలు శ్రోత పొందిన ఆనందాన్ని తెలుపుతాయి గాని గాయకుడు ఏం చేశాడో చెప్పవు. గాత్రశైలిని వివరించాలంటే కనీసం నాలుగు అంశాలు చూడాలి. శ్రుతి ఎంత ఎత్తులో ఉంది, ఊపిరి ఎక్కడ తీసుకున్నాడు, హల్లును ఎంత స్పష్టంగా పలికాడు, అచ్చును ఎక్కడ సాగదీశాడు. మొదటి రెండింటినీ సంగీతజ్ఞులు చూస్తారు. చివరి రెండూ భాషాశాస్త్రం పట్టించుకోవలసినవి. ఈ వ్యాసం ప్రధానంగా వాటిని గురించే.

ఈ చర్చను జంగమకోటె, చింతామణి, బాగేపల్లి ప్రాంతం వైపునుంచి చేయడానికి కారణం ఉంది. 2007 వరకు కోలారు జిల్లాలో ఉండి, ఆ ఏడు ఏర్పడిన చిక్కబళ్ళాపురం జిల్లాలో చేరిన ఈ సీమలో ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం అన్నది తరాలుగా సాగుతున్న ఏర్పాటు. ఇక్కడ తెలుగు మాట్లాడేవారిలో చాలామందికి తెలుగు లిపి రాదు. కైవారం తాతయ్యగా ప్రసిద్ధుడైన యోగి నారేయణ తెలుగు కీర్తనలను కూడ ఇక్కడి భక్తులు కన్నడ లిపిలో చదువుకొని పాడతారు. ఇంటి మాండలికానికి అవతల ఉన్న తెలుగును పరిచయం చేసే పని ఆంధ్రదేశంలో పాఠ్యపుస్తకం చేసింది. ఇక్కడ ఆ పని మొదట నాటకం, తరవాత రేడియో, సినిమాపాట చేశాయి. కనుక గాయకుల గొంతు మారడం ఈ ప్రాంతంలో అభిరుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదు. పలుకు నేర్పే గురువే మారుతున్నాడు.

2

లిపి వల్ల ఏం తెలుస్తుంది, ఏం తెలియదు అన్నది ముందు చూడాలి. కన్నడ, తెలుగు లిపులు దగ్గరి చుట్టాలు. మహాప్రాణాలు, ళకార ణకారాలు, శషసలు రెండింటిలోను ఉన్నాయి. కాని తెలుగు ఉచ్చారణలో ఉండి కన్నడ లిపి చూపలేనివి కొన్ని ఉన్నాయి. చాలు, చుక్క, జడ, జొన్న వంటి దేశ్యపదాల్లో అ, ఆ, ఉ, ఒ ముందు వచ్చే చజలు దంత్యాలు. చిలుక, జీతం వంటి మాటల్లోవి తాలవ్యాలు. పాతకాలపు తెలుగు ముద్రణలో దంత్యాలకు ౘ, ౙ అని పైన గుర్తు పెట్టేవారు. ఇప్పటి తెలుగు ముద్రణలోనూ ఆ గుర్తు లేకపోయినా తెలుగు బడిలో చదివిన పిల్లవాడికి ఉపాధ్యాయుడి నోట ఆ తేడా వినపడుతుంది. కన్నడ లిపిలో తెలుగు చదివే పిల్లవాడికి ఆ అవకాశం లేదు. ‘చాలు’ను కన్నడ పద్ధతిలో తాలవ్యంగానే చదువుతాడు.

రెండోది క్రియారూపాల్లోని అచ్చు. ‘వచ్చాడు’, ‘తెచ్చాను’ అని రాసినా శిష్టవ్యవహారంలో అక్కడ పలికేది శుద్ధమైన ఆకారం కాదు, ముందుకు జరిగిన వివృతాచ్చు. దాన్ని ఏ లిపీ రాయడం లేదు. పైగా రాయలసీమలో లాగే ఈ సరిహద్దులోనూ ఇంటి మాట ‘వచ్చినాడు’, ‘తెచ్చినాను’. అంటే ‘వచ్చాడు’ అన్న రూపమూ దాని పలుకూ రెండూ ఇక్కడికి చెవి ద్వారా రావలసినవే.

3

మైకు లేని కాలంలో ఈ పని చేసింది నాటకాల పద్యం. వెనుక వరసలో కూర్చున్నవాడికి వినిపించాలంటే శ్రుతి ఎత్తుగా ఉండాలి, గొంతు పూర్తిగా తెరవాలి, హల్లు గట్టిగా తాకాలి. పద్యం చివర రాగం ఎంతసేపు తీసినా పదాలు మాత్రం అంతకు ముందే చెప్పి ముగించాలి. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో 1932లో సురభి నటులే వేషాలు కట్టారు. కాబట్టి మొదటి సినిమా గొంతు రంగస్థలం గొంతే. చింతామణి, బాగేపల్లి పల్లెల్లో హార్మోనియం మేష్టరును పెట్టుకొని నెలల తరబడి పౌరాణిక నాటకం నేర్చుకునే అలవాటు వల్ల ఆ గొంతు సినిమాలు మారిన తరవాత కూడ చాలాకాలం నిలిచింది. లిపి రాని నటుడు పద్యాన్ని మేష్టరు నోటనుంచి నేరుగా తన నోటికి ఎక్కించుకునేవాడు. అర్థం కాని సమాసాన్ని కూడ విరుపు తప్పకుండా పలికేవాడు.

మైకు వచ్చాక గాయకుడు అరవవలసిన అవసరం పోయింది. పాశ్చాత్య దేశాల్లో బింగ్ క్రాస్బీ తరం గాయకులు మైకుకు దగ్గరగా, ఎదుట ఉన్న మనిషితో మాట్లాడుతున్నట్టు పాడి ప్రఖ్యాతులయ్యారు. తెలుగులో రావు బాలసరస్వతి, ఎ.ఎం. రాజా గొంతులు ఆ దారివి. అయితే తెలుగు సినిమాగాత్రానికి ప్రమాణంగా స్థిరపడినది ఆ మెత్తదనం ఒక్కటే కాదు. విజయనగరంలో పట్రాయని సీతారామశాస్త్రి వద్ద సంగీతం అభ్యసించిన ఘంటసాల వెంకటేశ్వరరావు రెండు కాలాలకూ వంతెన కట్టారు. నాటక పద్యంలోని దీర్ఘాలాపనను కుదించి, పదచ్ఛేదాన్ని అర్థాన్ని బట్టి చేసి, హల్లు గట్టితనాన్ని మాత్రం వదలలేదు. కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ రికార్డులు, 1974లో ఆయన మరణించిన తరవాత ఇంటింటా మోగిన భగవద్గీత రికార్డు వింటే ఆ పద్ధతి తెలుస్తుంది. అందులో ఊపిరి వినపడదు, అక్షరం వినపడుతుంది.

పి. సుశీలదీ ఇదే పాఠశాల. ఆమె గొంతులో పై స్థాయికి పోయినప్పుడు కూడ అచ్చు రంగు మారదు. ఇకారం ఇకారంగానే, ఉకారం ఉకారంగానే ఉంటుంది. 1963 నాటి ‘లవకుశ’లో పి. లీలతో కలిసి ఆమె పాడిన పాటలు ఈ సరిహద్దు పల్లెల్లో అక్షరజ్ఞానంతో నిమిత్తం లేకుండా కంఠస్థమయ్యాయంటే కారణం బాణీ ఒక్కటే అనుకోను. రెండు గొంతులు కలిసి పాడినా ఏ మాటా మరో మాటలో కలిసిపోదు. దంత్య చజలు, మహాప్రాణాలు, దీర్ఘాలు ఉన్నవి ఉన్నట్టు చెవికి అందుతాయి.

దీనికి మరో వైపు కూడ చెప్పాలి. ఈ ప్రమాణం మాండలిక నిరపేక్షమైనది కాదు. వ్యావహారికంలో తెలుగువారు మహాప్రాణాలను చాలావరకు అల్పప్రాణాలుగానే పలుకుతారు. ‘బాధ’ను ‘బాద’ అనేవాడు పాటలో ‘బాధ’ విని తన పలుకు తక్కువదనుకున్నాడు. ‘వచ్చినాడు’ అనేవాడికి పాటల్లో తన క్రియ చాలా అరుదుగా ఎదురైంది. సరిహద్దు శ్రోతకు ఆ తరం గాయకులు తెలుగు నేర్పారు, దానితోపాటే తన తెలుగు పాటకు పనికిరాదన్న భావాన్నీ నేర్పారు.

4

తరవాతి దశలో కన్నడం, తెలుగు రెండూ ఒకే గొంతులో వినడం మన ప్రాంతానికి ప్రత్యేకమైన అనుభవం. కాకినాడలో పుట్టిన పి.బి. శ్రీనివాస్ మంద్రంలో నెమ్మదిగా నడిచే గొంతుతో కన్నడంలో రాజ్‌కుమార్‌కు గళమయ్యారు. 1974 తరవాత రాజ్‌కుమార్ తన పాటలు తానే విరివిగా పాడుకోవడంతో కన్నడ సినిమాలో రంగస్థలపు తెరిచిన గొంతు మళ్ళీ వినిపించింది. ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న’కు తొలిపాట పాడిన కొద్ది రోజులకే కన్నడంలోనూ పాడారు. ఎస్. జానకి కూడ రెండు భాషల్లోనూ ఇంటిమనిషి.

బాలసుబ్రహ్మణ్యంతో గాత్రం నటనలో భాగమైంది. నవ్వు, వెక్కిలి, మాట తడబాటు, హాస్యనటుడి గొంతు జీర, ఇవన్నీ పాటలోకి వచ్చాయి. ఘంటసాల పాటలో గాయకుడు కవి పక్షాన నిలబడతాడు. బాలసుబ్రహ్మణ్యం పాటలో పాత్ర పక్షాన నిలబడతాడు. ఊపిరిని దాచడం మాని అవసరమైనచోట వినిపించడం ఆయనతోనే బలపడింది. అయినా ఆయన అక్షరాన్ని వదలలేదు. తెలుగులో ‘పాడు’, కన్నడంలో ‘హాడు’. తెలుగులో ‘పాలు’, కన్నడంలో ‘హాలు’. ఒకే మూలంనుంచి వచ్చి, కన్నడంలో పకారం హకారంగా మారిన ఇటువంటి జంటలను ఆయన ఏ భాషకు ఆ భాష పలుకుతో పలికారు. 1996లో ఈటీవీలో మొదలైన ‘పాడుతా తీయగా’లోను, కన్నడంలో ‘ఎదె తుంబి హాడువెను’లోను పిల్లల శ్రుతితోపాటు ఉచ్చారణను కూడ దిద్దడం చూశాం. లిపి రాని ప్రాంతానికి అది పాఠశాల వంటిదే. 2020లో ఆయన మరణంతో మనం పోగొట్టుకున్న వాటిలో ఇదొకటి.

5

ఆ తరవాతి మార్పుకు మూలం గాయకుల్లో కంటె రికార్డింగు పద్ధతిలో ఎక్కువగా ఉంది. వాద్యబృందంతో కలిసి ఒకేసారి పాట ముగించవలసిన రోజుల్లో ఊపిరికీ వాక్యానికీ సంబంధం ఉండేది. వాక్యం ఎక్కడ ఆగుతుందో తెలియనివాడు ఊపిరి తప్పేవాడు. 1992లో ‘రోజా’తో ఎ.ఆర్. రెహమాన్ ప్రవేశించాక గొంతును ముక్కలుగా, పొరలుగా రికార్డు చేసి తరవాత కూర్చడం బలపడింది. 1997లో వచ్చిన ఆటోట్యూన్ శ్రుతి దోషాన్ని యంత్రానికి అప్పగించింది. ఉచ్చారణ దోషాన్ని దిద్దే పని మాత్రం మనుషులకే మిగిలింది, దానిమీద శ్రద్ధ తగ్గింది.

ఈ తరానికి ప్రతినిధిగా సిద్ శ్రీరామ్‌ను తీసుకోవచ్చు. చెన్నైలో పుట్టి కాలిఫోర్నియాలో పెరిగిన ఈ గాయకుడు కర్ణాటక సంగీత గమకాన్నీ అమెరికా నల్లజాతివారి ఆర్ అండ్ బీ గొంతు విరుపునూ కలిపి పాడతారు. ‘గీతగోవిందం’ (2018), ‘అల వైకుంఠపురములో’ (2020) పాటలతో తెలుగు యువతను ఆకట్టుకున్నారు. ఆయన ఉచ్చారణను పరిహసించడం తేలిక. అంతకంటె ఉపయోగపడే పని, ఆ శైలి తెలుగు నిర్మాణాన్ని ఎక్కడ తాకుతోందో గుర్తించడం. తెలుగులో అచ్చు పొడవు అర్థభేదకం. కల వేరు, కాల వేరు. పట వేరు, పాట వేరు. హ్రస్వం మీద గమకం పెట్టి సాగదీస్తే లఘువు గురువుగా వినిపిస్తుంది. నాటక పద్యంలోనూ సాగదీత ఉంది కదా అనవచ్చు. అక్కడ అది పదం పూర్తయ్యాక, సాధారణంగా పాదం చివర వచ్చేది. ఇక్కడ పదం మధ్యలోనే వస్తుంది. మరొకటి, పదాంతపు అచ్చు ఊపిరిలో కరిగిపోవడం. అజంతభాష అని చెప్పుకునే తెలుగుకు ఇది చిన్న విషయం కాదు.

తెలుగు బాగా వచ్చిన శ్రోత ఈ లోపాన్ని మనసులోనే పూరించుకుంటాడు. హైదరాబాదులోనో విజయవాడలోనో పాట చెడినంత మాత్రాన పలుకు చెడదు. శిడ్లఘట్ట, చింతామణి కుర్రవాడికి పూరించుకోవడానికి వెనుక పుస్తకం లేదు. విన్నదే అతనికి మూలపాఠం.

6

ఇదే కాలంలో దీనికి ఎదురుగా మరో గొంతు లేచింది. ‘మాభూమి’లో గద్దర్, ‘ఒసేయ్ రాములమ్మ’ (1997)లో వందేమాతరం శ్రీనివాస్ వినిపించిన తెరిచిన కంఠానికి మైకు అవసరం లేదనిపిస్తుంది. 2022లో వచ్చిన ‘ఆర్ఆర్ఆర్’లో రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ పాడిన పాటకు మరుసటి ఏడు ఆస్కార్ వచ్చింది. అందులో ద్విత్వహల్లు డప్పు మీద దెబ్బలా పడుతుంది, అక్షరం ఎక్కడా కరగదు. అనంతపురం జిల్లాలో పుట్టి తెలంగాణ పండుగ పాటలతో పేరుపొందిన మంగ్లి గొంతు మన సరిహద్దుకు మరీ దగ్గరిది. ఆ గొంతులో హల్లు నాటకాల కాలంనాటి గట్టిదనంతో ఉంది, పలుకు మాత్రం ఇంటి పలుకు. మహాప్రాణం కోసం తంటాలు పడదు.

2023 జనవరిలో చిక్కబళ్ళాపుర ఉత్సవ వేదికమీద ఆమె కన్నడం, తెలుగుల ప్రస్తావనలో అన్న మాట వివాదమైంది. ఇక్కడివారందరికీ తెలుగు తెలుసు అనడంలో వాస్తవం కొంత ఉన్నా, ఇక్కడి తెలుగువారు తమ కన్నడాన్ని కూడ తమదిగానే భావిస్తారన్నది ఆ చర్చలో మరుగునపడింది. ఈ ప్రాంతపు తెలుగు మరో భాషతో పోటీపడి నిలిచింది కాదు, దాని లిపిని అరువు తెచ్చుకొని నిలిచింది. దానికి కావలసింది వేదికమీద గెలుపు కాదు, సరిగా పలికిన గొంతు వినగలగడం.

7

తరాల పోలికలో ఘంటసాల గొప్పా, నేటివారు గొప్పా అన్న ప్రశ్నతో ప్రయోజనం లేదు. మొదటి తరం అక్షరాన్నిచ్చి మాండలికాన్ని పక్కన పెట్టింది. రెండో తరం అక్షరాన్ని నిలుపుకొంటూ భావాన్ని దగ్గరకు తెచ్చింది. ఇప్పటి తరంలో ఒక పాయ ఊపిరికోసం అక్షరాన్ని వదిలింది, మరో పాయ మాండలికాన్ని గొంతెత్తి పలికింది. నా అభిప్రాయంలో సరిహద్దు తెలుగుకు మేలుచేసేది ఈ చివరి పాయ. కాని అది ఎక్కువగా పండుగకూ ఆటకూ పరిమితమై ఉంది. మెల్లగా పాడవలసిన పాట, దుఃఖం, తత్త్వం ఇంకా ఆ గొంతులోకి తగినంత రాలేదు.

తత్త్వం పాడే గొంతు మనకు లేకపోలేదు. కైవారంలో గురుపూర్ణిమ సంగీతోత్సవానికి వచ్చే పల్లె భజన బృందాల పెద్దలు తాతయ్య కీర్తనలను నింపాదిగా, ఇంటి పలుకుతో, అక్షరం జారకుండా పాడతారు. ఒకరు అందిస్తే పదిమంది తిరిగి అంటారు, తప్పు పలికితే వెంటనే తెలిసిపోతుంది. ఈమధ్య అవే కీర్తనలను చిన్నవాళ్ళు మైకు నోటికి ఆనించి సినిమా ఊపిరితో పాడడం వినిపిస్తోంది. పుస్తకంలో కన్నడ లిపి, గొంతులో కరిగిన అక్షరం రెండూ కలిస్తే తరవాతివారికి ‘చాలు’ ఎలా పలకాలో చెప్పే ఆధారం ఉండదు.

కనుక తెలుగు పీఠాలు చేయదగిన పని ఒకటి కళ్ళెదుట ఉంది. పెద్దల భజనలను ఊరూరా రికార్డు చేయాలి. కీర్తనలను రెండు లిపుల్లోనూ అచ్చువేయాలి. కన్నడ పాఠంలో దంత్య చజలకు ఒక గుర్తు పెట్టాలి, పాత తెలుగు ముద్రణలోని ఆ రెండంకె వంటి గుర్తే చాలు. మాండలిక రూపాలను ‘దిద్దకుండా’ ఉంచాలి. రికార్డునూ పుస్తకాన్నీ కలిపి ఆ ఊళ్ళ కన్నడ బడులకే ఇవ్వాలి. పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. పాడగల పెద్దలు ఉన్నప్పుడే చేయవలసిన పని.