ఇంకో తీగ

మా ట్యాంకు పొంగి మెట్ల మీదుగా నీళ్లు కారడం ఈ కాలమ్ చదివేవాళ్లకు కొత్త వార్త కాదు. ఈ వారం కింది ఫ్లాట్ ఇంటర్ కుర్రాడు దానికి మందు కనిపెట్టానంటూ ఆర్డ్యుయినో అనే బుల్లి కంప్యూటర్ బోర్డు పట్టుకొచ్చాడు. స్విచ్ సరిపోయే చోట కంప్యూటర్ దేనికన్న నా పాత పాట ఎత్తుకోబోయాను. ఈలోగా బోర్డే నా తరఫున వాదించింది. ఫ్లోట్ స్విచ్ తీగ ఊడిపోయి ఉంది, అయినా లైటు మిణుకుమంటోంది. చెయ్యి దగ్గరికి తెస్తే మరీను.

"దీనికి పిచ్చెక్కింది అంకుల్."

పిచ్చి కాదు. దేనికీ కలపని ఇన్‌పుట్ పిన్ దగ్గర సమాధానం ఉండదు, అయినా అడిగినప్పుడల్లా ఒకటో సున్నానో చెప్పి తీరాలి. వాడు తెచ్చిన 5 వోల్టుల ఆర్డ్యుయినో యూనోలో 1.5 లోపైతే సున్నా, 3 దాటితే ఒకటి, మధ్యలో దాని ఇష్టం. గోడలో పారే 50 హెర్ట్జ్ కరెంటు ఛాయ సోకినా ఊగిపోతుంది. దాన్ని ఒకటి వైపు పట్టి ఉంచడానికి చిప్పులోనే 20 నుంచి 50 కిలో ఓమ్‌ల పుల్‌అప్ రెసిస్టర్ ఉంది. ప్రోగ్రాములో ఒక్క మాట మారిస్తే అది పనిలోకి దిగుతుంది. అవుట్‌పుట్ సంగతంటారా, పిన్ను నుంచి 20 మిల్లీ ఆంపియర్లకు మించి లాగకూడదు. మోటారు వేసే రిలేకి, పిన్నుకి మధ్యలో ట్రాన్సిస్టర్ ఉండాల్సిందే.

మోటారు అనగానే నాకు ఆటో స్టార్టర్ గుర్తొస్తుంది. తెలంగాణ పల్లెల్లో బోరు పక్కన వేలాడే ఆ డబ్బా, ఏ అర్ధరాత్రి కరెంటొచ్చినా తనంతట తానే మోటారు వేసేది. చీకట్లో పాములకు భయపడుతూ గట్ల మీద నడిచే బాధ తప్పించింది. దాన్ని తిట్టేవాళ్లు రాత్రి కరెంటు కోసం పొలానికి వెళ్లినవాళ్లు కారు. అలాంటిది, 2018 జనవరి 1 నుంచి సాగుకు 24 గంటల ఉచిత కరెంటు అనేసరికి, వాటిని తీసెయ్యమని ప్రభుత్వమే రైతులను కోరింది. కరెంటు పోకపోతే మోటారు ఆగదు, బోరు ఎండుతుంది. పాపం, ఆ డబ్బా అడగగలిగింది ఒక్కటే: కరెంటుందా? మడి తడిసిందా, బోరులో నీళ్లున్నాయా అని అడిగే తీగ దానికి లేదు.

ఇక్కడే నా పాత పాట శ్రుతి తప్పింది. ఆ డబ్బాలో కంప్యూటర్ ఉండాల్సిందే.

"సంపులో ఇంకో ఫ్లోట్ పెట్టు," అన్నాను కుర్రాడితో. "పుల్‌అప్ ఉంటే తీగ తెగినప్పుడు ఒకటి వస్తుంది. ఒకటి వస్తే మోటారు ఆపమని రాయి, ఫ్లోట్లు దానికి తగ్గట్టు కలుపు. ఎలుక కొరికినా మోటారే ఆగుతుంది. నీళ్లు రావట్లేదని ఎవరో ఒకరు పైకెళ్లి చూస్తారు."